నిప్పు వైపు తడి

"ఆ సుట్ట నాదే బాబూ. నానే కాల్సి పడీసినాను. తవిటయ్య మావ అంబలి కుండలో పాసానం కలిపింది కూడా నానే. ఇంకేటి కావాల మీకు?"

లాకప్ గోడకి చేరగిలబడి కూర్చున్న సోములు, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడకుండా అప్పజెప్పాడు. మూడు రోజుల్నుంచి ఇదే పాఠం. అక్షరం పొల్లు పోవడం లేదు.

"కుండ ఎక్కడ పెట్టి ఉంది?" అడిగాడు బెన్హర్.

"ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడ? ఉట్టి మీదా, పొయ్యి పక్కనా?"

"గేపకం నేదు."

"పాషాణం ఎక్కడ దొరికింది నీకు?"

"ఆయన మందు నూరుకునే కల్వంలోది."

"కల్వం ఎక్కడుంటుంది?"

అప్పజెప్పే పాఠంలో ఆ ప్రశ్నకి జవాబు లేదు మరి.

బెన్హర్ కుర్చీ వెనక్కి జరుపుకుని నిట్టూర్చాడు. ఒకప్పుడు ఈ జిల్లాలోనే ఎస్సైగా చేసి, పై అధికారితో పేచీ పడి ఉద్యోగం వదిలేసిన మనిషి. ఇప్పుడు విజయనగరంలో ఒక గదీ, ఒక బోర్డూ పెట్టుకుని ప్రైవేటు డిటెక్టివ్ అనిపించుకుంటున్నాడు. వచ్చే కేసులన్నీ పెళ్ళిసంబంధాల వాకబులే. ఈ కేసు మాత్రం తమ్ముడి కూతురు మెర్సీ నెత్తిన పెట్టింది. మెర్సీ విశాఖపట్నంలో కేన్సర్ ఆసుపత్రిలో సర్జను. "పెదనాన్నా, నాకు మనిషి కావాలి. ఆ సోములు బయటికి రాకపోతే వాళ్ళమ్మ చచ్చిపోతుంది" అని ఫోన్లో ఏడ్చినంత పని చేసింది.

మెర్సీ చెప్పింది అతిశయోక్తి కాదు. సోములు తల్లి బుల్లమ్మకి అంగిట్లో పుండు. మెట్టవానిపాలెంలో అలాంటి పుండుతో పోయిన ఆడవాళ్ళు ఒకరిద్దరు కాదు. బోరునీళ్ళ వల్ల అని కొందరు, ఊరి బయట పెట్టిన రొయ్యల చెరువుల వల్ల అని కొందరు, అమ్మోరికి ఆడవాళ్ళ మీదే కోపమని మిగిలినవాళ్ళు. ఆ ఊరి నాటువైద్యుడు తవిటయ్య మాత్రం కారణాల జోలికి పోకుండా వైద్యం చేసేవాడు. ఆయన పూతమందుకి ఆమదాలవలసలో రైలు దిగి ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్ళున్నారు. ఏడాదిపాటు బుల్లమ్మ నోట్లో ఆ మందే పూశాడు. పుండు కాస్తా చిల్లయింది. అప్పటికి గానీ సోములుకి కళ్ళు తెరుచుకోలేదు. తల్లిని విశాఖపట్నం తీసుకెళితే, నోట్లో అంటుకున్న నల్లటి పూతని మెర్సీ గీకి పరీక్షకి పంపింది. అందులో ఉన్నది పాషాణం.

సోమవారం పొద్దున్న సోములు తవిటయ్య వీధరుగు మీద నిలబడి, "నీ మందు నీకే తినిపించి సంపేత్తాను" అని ఊరంతా వినేలా అరిచాడు. పొద్దుగూకేసరికి తవిటయ్య పోయాడు. పొట్టలో పాషాణం. ఇంకే సాక్ష్యం కావాలి?

రేపు పొద్దున్న బుల్లమ్మకి ఆపరేషన్. ఒకసారి ముహూర్తం తప్పిపోయింది, భయపడి వెళ్ళలేదు. ఈసారి కూడా తప్పితే పుండు కంటి దాకా ఎగబాకుతుందని, ఆ తరవాత తను కూడా కత్తి పట్టుకోలేనని మెర్సీ చెప్పింది. కొడుకు లేందే బుల్లమ్మ ఊరు దాటదు. కాగితాల్లో నిన్ననే అరెస్టు చూపించిన ఆ కొడుకుని ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకి కోర్టులో హాజరుపరిచి రిమాండ్‌కి పంపుతారు.

నిన్న సాయంత్రం బెన్హర్ ఆవిణ్ణి చూశాడు. మాట్లాడుతుంటే మాట సగం ముక్కులోంచి వస్తోంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, "నాకు కోతలొద్దు బాబూ. నా గుంటడిని ఇడిపించండి, అదే నాకు మందు" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి బెన్హర్‌కి అన్నం సయించలేదు.

"ఏం గురువుగారూ, ప్రార్థన అయిందా? ఆమెన్ అనీమంటారా?"

సీఐ నరసింగరావు తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. బెన్హర్ ఎస్సైగా ఉన్నప్పుడు అతని కిందే కానిస్టేబుల్‌గా చేరి, పరీక్షలు రాసి పైకి వచ్చినవాడు. తెలివైనవాడే. కాకపోతే తొందరెక్కువ. లేడికి లేచిందే పరుగు అన్నట్టుంటుంది వ్యవహారం.

"ఆమెన్ తరవాత అందువుగాని. ఆ చుట్ట పీక ఒకసారి చూపించు," అన్నాడు బెన్హర్.

"చూడండి. మంచం కాళ్ళ దగ్గర దొరికింది. తవిటయ్య పొగ ముట్టడు, ఇంట్లో ఎవర్నీ ముట్టనివ్వడు. మందుకి మైలంట. కాబట్టి బయటోడిది. నాదేనని వీడే ఒప్పుకున్నాడు. ఇందులో మీరు వెతికీదేటుంది?"

ప్లాస్టిక్ కవరులో ఉన్న పీకని బెన్హర్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"నరసింగం, ఈ చుట్టకి ఎంగిలి తడి ఎటువైపుంది?"

"ఎటుంటే ఏటండీ? ఎంగిలి ఎంగిలే."

"దగ్గరికొచ్చి చూడు. కాలని కొస పొడిగా ఉంది. పంటిగాటు లేదు, నలగలేదు, కట్టిన దారం కట్టినట్టే ఉంది. కాలిన కొస చూడు. నుసి తడిసి, ముద్దయి, ఎండిపోయింది. ఆకు మీద పెదాల మరక నిప్పుకి ఆనుకుని ఉంది. అంటే నిప్పు నోట్లో ఉంది, చుట్ట బయట ఉంది."

నరసింగరావు నవ్వు ఆగిపోయింది. ఈ తీరంలో పుట్టినవాడికి ఆపైన చెప్పక్కర్లేదు.

"అడ్డపొగ," అన్నాడు మెల్లగా.

అడ్డపొగ. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. బెన్హర్ తాతమ్మ కూడా కాల్చేది. ఊడ్పుల్లో చేతులు బురదలో ఉంటే చుట్ట పట్టుకునే వీలుండదు. గాలికి నిప్పు ఆరిపోతుంది. మామగారు ఎదురొస్తే పొగ కనపడకూడదు. అన్నిటికీ కలిపి ఆడవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం అది. పాస్టరుగారు ఇంటికొస్తే తాతమ్మ నిప్పుతో సహా నోరు మూసుకుని, మర్యాదగా తలాడిస్తూ వాక్యం వినేది. పిల్లలందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ పోయింది కూడా నోటిపుండుతోనే అని బెన్హర్‌కి ఎంత పెద్దయ్యాక తెలిసిందో!

"మగాళ్ళు అడ్డపొగ తాగరు, నరసింగం. ఈ పీక ఆడదానిది."

ఊచల వెనక సోములు దిగ్గున లేచాడు.

"నాను తాగుతాను! నాను అడ్డపొగే తాగుతాను బాబూ! అది నాదే!"

బెన్హర్ అతని వంక జాలిగా చూశాడు. తరవాత చెయ్యి చాచి, వరండాలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ దగ్గర చుట్టా అగ్గిపెట్టే తీసుకుని ఊచల్లోంచి అందించాడు.

"అయితే తాగి చూపించు."

సోములు చుట్ట వెలిగించాడు. నిప్పుకొస వంక ఒక్క క్షణం చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ నిప్పుని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించాడు. మెడ నరాలు పొంగాయి. ఒక దమ్ము లాగాడు. రెండోది లాగబోయి, చుట్టని కిందికి ఉమ్మేసి, రెండు చేతులతో నోరు పట్టుకుని కూలబడ్డాడు. హెడ్ కానిస్టేబుల్ చెంబుతో నీళ్ళు అందించాడు. సోములు నీళ్ళు తాగలేదు. వెక్కి వెక్కి ఏడవసాగాడు.

"ఈ నిప్పునెలాగ తాగీదో బాబూ మాయమ్మ... ఇన్నేల్లూ... సిన్నప్పట్నుంచీ సూత్తన్నాను, ఒక్కనాడూ అడగనేదు, కాల్దా అమ్మా అని..."

అమ్మ అన్న మాట నోరు జారిందని సోములుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. నరసింగరావు మొహం మాత్రం వెలిగిపోయింది.

"అదీ సంగతి! తల్లిని కాసుకోడానికి కొడుకు కేసు నెత్తినేసుకున్నాడు. చాలా థాంక్సండీ గురువుగారూ. ఒరే, జీపు తియ్యండ్రా. ముసిల్దాన్ని తీసుకొద్దాం."

"ఒద్దు బాబూ!" సోములు ఊచలు పట్టుకుని ఊపాడు. "మాయమ్మ జోలికి ఎల్లకండి! ఆ దినం నా ఎనకాలే ఆయమ్మ కూడా తవిటయ్య మావింటికి ఎల్లినాది. ఏడుత్తూ ఒచ్చినాది. ఏటైందని అడిగితే నోరిప్పనేదు. ఆ సుట్ట పీక సూడగానే నా పేనం పోనాది బాబూ. రేపు కోతకెల్లాల్సిన మనిసి, జైలుకేటి ఎలతాది? నన్నే పట్టుకెల్లండి."

"ఆగు," అన్నాడు బెన్హర్ ఇద్దరినీ ఉద్దేశించి. జేబులోంచి ఫోను తీసి, మెర్సీకి కలిపి, స్పీకరు పెట్టాడు. "మెర్సీ, ఒకటే ప్రశ్న. బుల్లమ్మ ఇప్పుడు చుట్ట కాల్చగలదా?"

"కాల్చకూడదని చెప్పాను పెదనాన్నా."

"కాల్చకూడదా అని కాదు. కాల్చగలదా?"

"లేదు. ఆవిడ అంగిలికి చిల్లు పడింది. నోట్లోంచి ముక్కులోకి దారి పడిపోయింది. దమ్ము లాగితే గాలి ముక్కులోంచి వచ్చేస్తుంది గానీ పొగ రాదు. చిల్లు పడ్డ గొట్టంతో నీళ్ళు లాగినట్టే. నిప్పు సంగతి సరేసరి, గంజి కూడా చల్లార్చి పోస్తే గానీ ఓర్చుకోలేదు. రెండు నెలలుగా అదే పరిస్థితి."

"పాషాణం వల్లనేనా ఇంత అయింది?"

"పొగ మొదలుపెట్టింది, పాషాణం ఎగదోసింది. రెండూ కేన్సర్ తెచ్చేవే. ఒకదానికి రెండోది మందనుకున్నారు, అదే నా ఏడుపు. పెదనాన్నా, రేపటికి ఆవిడ వస్తుందా?"

"వస్తుంది," అన్నాడు బెన్హర్. ఆ మాట ఏ ధైర్యంతో అన్నాడో తనకే తెలియదు.

ఊచల వెనక సోములు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. కాలిన నాలుక మీద మాట తిరగడం లేదు.

"అంటే... మాయమ్మ కాదా? మాయమ్మ సంపనేదా?" అని అడిగి, నవ్వలేక, ఏడవలేక, గోడకేసి తల ఆనించాడు. "అయితే నాను కూడా సంపనేదు బాబూ! కుండెక్కడుందో, కల్వమెక్కడుందో నాకేటీ తెలీదు!"

"ఇప్పుడు మాట మారిస్తే సరిపోద్దేటిరా?" నరసింగరావు చిరాకు పడ్డాడు. "గురువుగారూ, వీడు కాదు, వాళ్ళమ్మ కాదు. మరి పాషాణం దానంతట అదే నడిచెళ్ళి ఆయన పొట్టలోకి దూరిందా? నాకు మనిషి కావాలి. మనిషి లేకపోతే రెండు గంటలకి వీడే నా మనిషి."

"టైము పదకొండున్నర. నాతో తవిటయ్య ఇంటికి వచ్చి గంటసేపు నోరు మూసుకుని ఉండగలవా?"

"గంటసేపా!" అన్నాడు నరసింగరావు. కానీ టోపీ తీసుకున్నాడు.

"మాయమ్మకి కబురెట్టండి బాబూ, నాను ఏటీ సెయ్యనేదని," వెనక నుంచి అరిచాడు సోములు.

"సాయంత్రం నువ్వే చెబుదువుగాని," అన్నాడు బెన్హర్.

తవిటయ్య ఇంటి ముందు పరామర్శకి వచ్చిన చుట్టాలు పోలీసు జీపు చూసి మెల్లగా జారుకున్నారు. హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిన రేకుల చోట తాటాకు కప్పిన వసారాలో, తవిటయ్య భార్య మరిడమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. వాకిట్లో కోళ్ళు ఏదో కెలుక్కుంటున్నాయి. బెన్హర్ చెప్పులు అరుగు కింద విడిచి, ఆమెకి ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"పోలీసోలికి సెప్పినాను గదా బాబూ. మినుములు తియ్యడానికి సేనికి ఎల్లినాను. పొద్దోయి ఇంటికొచ్చీసరికి పోనాడు."

"ఆయన తాగిన అంబలి ఇంకా మిగిలిందా?"

"కుండలో సగానికి పైన ఉన్నాది. మర్నాడు కోల్లకి పోసీసినాను. సావింట్లోది ఎవలు తాగుతారు?"

"కోళ్ళు తిన్నాయా?"

"తిన్నాయి."

"ఒక్కటైనా చచ్చిందా?"

మరిడమ్మ వాకిట్లోకి చూసింది. నరసింగరావు కూడా చూశాడు. ఒక పుంజు దర్జాగా అరుగెక్కి, సీఐ బూట్ల పక్కనే నిలబడి కూసింది. నరసింగరావు దాని వైపు కొరకొరా చూసి, గోడవైపు తిరిగాడు. కుండలో పాషాణం లేదని ఆయనకి ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

బెన్హర్ లేచి గదిలోకి వెళ్ళాడు. మట్టి నేల, నులకమంచం, గోడ గూట్లో బోర్లించిన కల్వం. కల్వాన్ని కడిగి ఆరబెట్టారు. నేల చూశాడు. గది అంతటా అలుకు పాతబడి పెచ్చులూడుతోంది. మంచం చుట్టూ మాత్రం ఒక చాప మేర కొత్త పేడ అలుకు.

"నరసింగం, మీరు వచ్చేసరికి శవం మంచం మీదే ఉందా?"

"ఉంది. ఫోటోలున్నాయి నా ఫోన్లో."

ఫోటోలో మంచం మీద తవిటయ్య ఉన్నాడు. మంచం కింద నేల నల్లగా, తడిగా ఉంది. బెన్హర్ కవరులోని పీకని మళ్ళీ బయటికి తీసి అడుగు భాగం చూపించాడు. ఒకవైపంతా ఎండిన పేడ అంటుకుని ఉంది.

"ఇది పొడి నేల మీద పడలేదు. అలికాక, అలుకు పచ్చిగా ఉన్నప్పుడు పడింది. సోములు పొద్దున్న అరుగు మీదే నిలబడి అరిచి వెళ్ళిపోయాడని ఊరంతా చూసింది. ఇక చెప్పు. శవం లేవకుండా నేల అలికే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? అలికిందంటే, అప్పటికి ఆయన శవం కాదు. వాంతులు చేసుకుంటున్నాడు. ఎవరో ఎత్తిపోసి, అలికి, ఆయన పక్కన కూర్చుని చుట్ట మొత్తం కాల్చారు. పొలంలో ఉన్న మనిషి అలకదు కదా."

నరసింగరావు బయటికి దూకబోయాడు. బెన్హర్ భుజం పట్టుకుని ఆపాడు. "గంటసేపు నోరు మూసుకుంటానన్నావు."

మళ్ళీ వచ్చి మరిడమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు చుట్ట కాలుస్తావా అమ్మా?"

"ఓలమ్మా! నాకలవాటు నేదు బాబూ. మాయింట్లో పొగ మైల."

"నోరు తెరువమ్మా ఒకసారి."

ఆమె కొంగుతో పెదాలు తుడుచుకుంది. తరవాత, ఎవరో తలుపు తియ్యమంటే తీసినట్టు, మెల్లగా నోరు తెరిచింది. బెన్హర్ ఫోను లైటు వేశాడు. అంగిలి అంతా పాలిపోయి మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. తెలుపులో సూదిమొనల్లాంటి ఎర్రటి చుక్కలు. తాతమ్మ నోరు అచ్చం ఇలాగే ఉండేది. నడిమధ్యన శనగగింజంత పుండు. దాని చుట్టూ నల్లటి పూత మరక.

లైటు ఆర్పేశాడు. కేసు తేలిపోతోందన్న సంతోషం రావలసిన చోట అతనికి దుఃఖం వచ్చింది.

"నీకు కూడానా అమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటకి మరిడమ్మ కట్ట తెగింది.

"ఆరు నెల్ల బట్టి బాబూ. దొంగసాటుగా తాగీదాన్ని. నిప్పు నోట్లో ఉంటే ఎవలికి తెలుత్తాది? పుండు పడ్డాక తెలిసిపోనాది. తిట్టనేదు ఆయన. దినం దినం ఆయన సేత్తోనే పూసీవోడు. సోమారం నాడు సోములొచ్చి తిట్టి ఎల్లిపోనాడు. వోడి ఎనకాల బుల్లమ్మొదిన ఒచ్చి, గుంటడి మాటలు మనసులో ఎట్టుకోవద్దని ఈయన కాల్లట్టుకొన్నాది. అప్పుడు సూసినాను వదిన నోరు. ఓలమ్మో, నోరేటి బాబూ అది! ముక్కులోంచి మాటాడతన్నాది. నాకూ అదే పుండు, అదే మందు. నా కాల్లూ సేతులూ ఆడనేదు."

"బుల్లమ్మ వెళ్ళిపోయాక?"

"అడిగీసినాను. 'ఇది మందా, పాసానమా? మందైతే నువ్వు తిను నా ఎదర' అన్నాను. కోపంలో అన్నాను బాబూ. ఆయన నా మొకం సూసి నవ్వినాడు. 'నీకెట్టిన మందు నాను తిన్నేనేటే?' అని కల్వంలోది ఏలితో తీసి నాకీసినాడు. సాలు సాలన్నాను. 'నీకింకా నమ్మకం కుదర్నేదు, నీ మొకమే సెప్తన్నాది' అని ఇంకోపాలి తీసుకున్నాడు."

మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నరసింగరావు ఎప్పుడు కూర్చున్నాడో, అరుగు చివర తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదేం తల్లీ?" ఆ అడిగింది సీఐయే. గొంతులో పోలీసు లేడు.

"ఆటో పిలుత్తానన్నాను. ఒద్దన్నాడు. 'నాను ఆసుపత్రికెలితే, నా సేతి మందు పూసుకున్నోల్లందరూ ఏటైపోతారే, బయపడి సత్తారు' అన్నాడు. ఎవలికీ సెప్పొద్దని ఒట్టెయ్యించుకున్నాడు. కక్కుతున్నాడు, ఎత్తి పోత్తన్నాను, అలుకుతున్నాను. ఇంకేటి సెయ్యాలో తెలీక, సుట్ట ఎలిగించుకొని పక్కన కూకున్నాను. ఆయన ఎదర తాగడం అదే మొదలు. ఏటీ అననేదు ఆయన. పొద్దోయీసరికి పోనాడు."

"సోములుని పట్టుకెళుతుంటే కూడా నోరు విప్పలేదు నువ్వు," అన్నాడు బెన్హర్. కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

"ఒట్టు బాబూ. తన మందే తిని సచ్చినాడంటే ఊరు నవ్వదా? సచ్చినోడి పరువొకటే గదా నాకు మిగిలింది."

నరసింగరావు లేచి, టోపీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. "స్టేట్‌మెంట్ రాయించుకుంటాను. అంబలి, పీక, అలుకు, అన్నీ కలుస్తున్నాయి. కోర్టుకి నేనే చెబుతాను. సోములు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు గురువుగారూ. మీరు గెలిచారు."

"ఇందులో గెలుపేముంది నరసింగం? చంపినవాళ్ళెవరూ లేరు. చచ్చినవాడు, చావబోయేవాళ్ళే ఉన్నారు." బెన్హర్ ఫోను తీశాడు. ముందు మెర్సీకి చెప్పాలి. రేపు ఒకరు కాదు, ఇద్దరు వస్తున్నారని చెప్పాలి. మరిడమ్మ పుండు ఇంకా చిన్నదే, బతుకుతుంది. నెంబరు నొక్కుతూ, మాటవరసకి అడిగినట్టు అడిగాడు. "అమ్మా, మిగిలిన మందు ఎక్కడ పెట్టావు? అది పోలీసులకి కావాలి."

"నేదు బాబూ."

"పారబోశావా?"

"బుల్లమ్మొదినకి ఇచ్చీసినాను. డబ్బా పలంగా."

బెన్హర్ వేలు ఫోను మీదే ఆగిపోయింది. "ఎప్పుడు?"

"ఇందాకే. మీ జీపు రాకముందర."

"ఆ మందు వల్లే చిల్లు పడిందని ఆవిడకి తెలుసు కదా! మళ్ళీ ఎందుకు పూసుకుంటుంది?"

మరిడమ్మ నేలకేసి చూస్తూ కొంగు అంచుని వేళ్ళకి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"వదిన అనుకుంతన్నాది బాబూ, తన గుంటడే సంపీసినాడని. కాదని సెప్పడానికి నాకు ఒట్టు అడ్డమొచ్చింది. 'పోలీసోలొత్తే సెప్పు వదినా, తవిటయ్యకి పాసానం ఎట్టింది బుల్లమ్మేనని, సోములుకి ఏటీ తెలీదని. సాయంత్రం సెప్పు, ఇప్పుడే సెప్పకు' అన్నాది. ఆ మాటేదో నువ్వే సెప్పొచ్చు గదా వదినా అన్నాను."

"ఏమంది?"

"'సాయంత్రానికి నాను సెప్పనేను గదే' అన్నాది."

నరసింగరావు అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. బెన్హర్ చెప్పులు కూడా వేసుకోకుండా, బుల్లమ్మ ఇంటి వైపు అడ్డదారిన పడ్డాడు.